పురుగుల బువ్వ

భూమిలోకి ఫ్యాక్టరీ ఒకప్పుడు వదిలిన విషాన్ని తినిపించడానికి సర్కారు ప్రతి బోరు పక్కన గొట్టం దించి, అందులో కంటికి కనబడని పురుగుల్ని వదిలింది. పొద్దున్నే వాకిలి ఊడ్చాక వాటికి చెంబెడు బెల్లం నీళ్లు పోయాలి. కనబడనిదాన్ని మేపడమేమిటని బాలమణికి మొదటి నుంచీ అనుమానమే.

ఆ రోజు పరీక్షకొచ్చిన ఇంజనీరు గొట్టంలోకి మీటరు దించి మురిసిపోయాడు.

"పురుగులు మస్తు బలిసినయమ్మా!"

"విషమే వాటికి బువ్వ, బెల్లం నంజుకునేందుకే అంటివి గద సారూ. బువ్వ లేకుంటే చస్తయంటివి."

"అవునమ్మా."

"నిరుడే విషమంతా అయిపోయిందని గూడ నువ్వే చెప్తివి."

బాలమణి చెంబు కింద పెట్టి ఫ్యాక్టరీ గోడ వైపు చూసింది.

"మరి బువ్వ ఎవలు పెడుతుండ్రు?"