పదో పేరు

"ఇంకా తొమ్మిదే!" నోటీసు బోర్డు మీద వేలుపెట్టి లెక్కపెట్టింది గువ్వ నేస్తం. "రేపు నాలుగింటికి గడువు. ఇంతకీ నువ్వు చేరతావా, చేరవా?"

గువ్వ భుజమ్మీది సంచి సర్దుకుంది. బళ్లో అన్నిటికంటే కష్టమైన లెక్కల కోర్సు అది. కాగితం మీద తొమ్మిది పేర్లు ఉన్నాయి. పదో గీత ఖాళీగా ఉంది. పదిమంది రాకపోతే ఆ క్లాసు ఉండదు. క్లాసు లేకపోతే ఆ పాఠం చెప్పే టీచరుకి ఇక్కడ పనుండదు, వంతెన అవతలి చిన్నబడికి పంపించేస్తారని పిల్లల దగ్గర్నుంచి ప్యూను దాకా అందరూ చెప్పుకుంటున్నారు.

ఆ టీచరు గువ్వ వాళ్ళమ్మ.

"నీకేం, లెక్కలు మంచినీళ్ళ ప్రాయం," అంది నేస్తం.

అదీ నిజమే. మార్కులు వాటంతటవే వస్తాయి. కానీ లెక్కల పుస్తకం మూసేశాక మళ్ళీ తెరవాలని గువ్వకి ఒక్కనాడూ అనిపించలేదు. పోయిన వారం వడ్రంగం క్లాసులో స్టూలు చేసినప్పుడు మాత్రం మధ్యాహ్నం అన్నం సంగతే మర్చిపోయింది. మాస్టారు ఆ స్టూలుని తిరగేసి చూశాడు, ఊపి చూశాడు, చివరికి తనే ఎక్కి కూర్చున్నాడు. "కిర్రుమనలేదే! రెండేళ్ళు నా దగ్గరుండమ్మాయ్, నీ చేత తలుపులు, కిటికీలు చేయిస్తా," అన్నాడు.

వడ్రంగం, ఆ లెక్కల కోర్సు ఒకే పీరియడ్‌లో. ఏదో ఒకటే. ఫారం మీద ముద్ర పడ్డాక రెండేళ్ళ దాకా మార్పు లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి కింది వాటాలో ఉండే పెద్దమ్మ మెట్ల దగ్గరే పట్టుకుంది.

"ఏమే, సంతకం పెట్టావా?"

"ఇంకా లేదు పెద్దమ్మా."

"ఇంకానా! పద్దెనిమిదేళ్ళుగా పెద్దపిల్లలకి పాఠాలు చెబుతున్న మనిషి. ఇప్పుడెళ్ళి పసిపిల్లల ముక్కులు తుడవాలా? నా చెల్లెలు నలుగురిలో తలెత్తుకోగలదా? కన్నకూతురివి, ఆ మాత్రం చెయ్యలేవూ?"

"అమ్మ నన్ను అడగలేదుగా."

"అడగదు. అదెప్పుడు నోరు తెరిచి అడిగింది గనక! మనమే తెలుసుకోవాలి."

గువ్వ తప్పించుకుని పైకి వెళ్ళింది. వంటింట్లో అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. తల తిప్పకుండానే అడిగింది.

"ఎంతమంది?"

"తొమ్మిది."

"ఊఁ," అని అమ్మ నిండుగా ఊపిరి వదిలింది.

పదిరోజులుగా ఇదే ప్రశ్న, ఇదే ఊపిరి. అమ్మకి అన్నం సహించడం లేదు. మొన్న ఎర్ర పెన్ననుకుని చెంచా పట్టుకుని పేపర్లు దిద్దడానికి కూర్చుంది. ఇంకోరోజైతే గువ్వ నవ్వేదే. ఇప్పుడు నవ్వు రాలేదు. బళ్లో నోటీసు బోర్డు, మెట్ల దగ్గర పెద్దమ్మ, వంటింట్లో ఆ నిట్టూర్పు. ఎటు పోదామన్నా దారి లేదు.

"అమ్మా, నేను చేరితే?"

కత్తి ఆగింది. అమ్మ ఇటు తిరిగింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాకోసమైతే వద్దు."

"నీకోసం కాదు."

"నీకు నిజంగా ఇష్టమా?"

"ఇష్టమే."

"నా కళ్ళలోకి చూసి చెప్పు గువ్వా."

గువ్వ చూసింది. ఇన్నేళ్ళలో ఏ లెక్కా ఇంత కష్టపెట్టలేదు. "చాలా ఇష్టం అమ్మా. ఎప్పట్నుంచో."

అమ్మ కత్తి పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని, తడి చేత్తోనే గువ్వ చెంప నిమిరింది. "సరే అయితే. నీకిష్టమైతే నాకింకేం కావాలి," అంది. ఆమె కళ్ళు నిండాయి. అది చూశాక ఆడిన మాటని వెనక్కి తీసుకునే ధైర్యం గువ్వకి లేకపోయింది.

మర్నాడు ఫారం పట్టుకుని వెళుతుంటే వడ్రంగం షెడ్డులోంచి మాస్టారు కేకేశాడు.

"ఏమ్మాయ్, చివరి బల్ల నీకే అట్టిపెట్టా. చూసుకున్నావా?"

బల్ల మీద సుద్దముక్కతో గువ్వ పేరు రాసి ఉంది.

"నేను రావట్లేదు మాస్టారూ. లెక్కల్లో చేరుతున్నా."

ఆయన ఒక క్షణం ఆమె వంక చూశాడు. "మంచిదే తల్లీ. పెద్ద చదువు," అంటూ అరచేత్తో ఆ పేరు తుడిచేశాడు. గువ్వ అక్కడ నిలబడలేకపోయింది.

హెడ్మాస్టరు గదిలో గడియారం నాలుగుకి ఇరవై నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నాను సార్."

సంతకం పెట్టింది. చివరి అక్షరం గీత దాటింది. ఆయన టపీమని ముద్ర కొట్టాడు.

"హమ్మయ్య! పదిమందీ అయ్యారు. ఇంక మీ అమ్మగారు ఈ బడి దాటి కదిలేది లేదు."

పదిరోజుల తర్వాత మొదటిసారి గువ్వ గుండె కాస్త తేలికపడింది. పోతే పోయింది వడ్రంగం. అమ్మ ఉంది, అది చాలు.

హెడ్మాస్టరు సొరుగులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి, దానిమీద అడ్డంగా 'వీలుపడదు' అని రాసి, గువ్వ చేతికిచ్చాడు.

"ఇది ఆవిడకి ఇచ్చెయ్. ఇకనైనా ఆర్నెల్ల పోరు తప్పుతుంది నాకు."

"ఏంటి సార్ ఇది?"

"ఇంట్లో చెప్పలేదా?" ఆయన ఆశ్చర్యపోయాడు.

"చిన్నబడికి పంపమని అడిగింది మీ అమ్మగారేగా!"