ఒక ఆక్సిజన్ తక్కువ

"బాబాయ్! సల్ఫేట్‌లో ఆక్సిజన్లు నాలుగు. ఒకటి తగ్గితే సల్ఫైట్. ఏట్ అన్నయ్య, ఐట్ తమ్ముడు. ఇంతే! ఇది కూడా ఎక్కదా నీ బుర్రకి?"

ఇంటర్ చదివే చిన్ని నెత్తి కొట్టుకుంది. ముప్ఫై రెండేళ్ళ దుర్గారావు తల గోక్కున్నాడు.

తప్పంతా బయోడేటాది. 'బీయస్సీ కెమిస్ట్రీ' అని గొప్పగా వేయించుకున్నాడు. ఆ డిగ్రీ చిట్టీల పుణ్యమని భగవంతుడికీ, పక్క బెంచీవాడికీ తప్ప తెలీదు. అమలాపురంలో పిలిచారు, కొత్తపేటలో పిలిచారు. "ఫోన్ చేస్తామండీ" అన్నారు. ఆ ఫోన్లు ఇప్పటికీ మోగలేదు. వయసేమో ఆగదాయె. మలికిపురం కూడా తప్పిపోతే ఇంక పిలిచే దిక్కు లేదు.

"అక్కడ అడిగేది మా మాధురి మేడమే బాబాయ్. పాలీఅటామిక్ అయాన్ల పేర్లంటే ఆవిడకి ప్రాణం. మొన్నొకాయన నైట్రేట్ దగ్గరే దొరికిపోయేడంట."

"ఓర్నాయనో! అయితే మళ్ళీ చెప్పవే తల్లీ."

ఆదివారం కాలేజీకి సెలవు. మాధురి గారు ఇంటికే రమ్మన్నారు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దారి పొడుగునా ఏట్లూ ఐట్లూ గొణుక్కుంటూ వెళ్ళాడు దుర్గారావు. వాళ్ళమ్మ బేబి కూడా వెంట బయల్దేరింది. కొడుకు మీద ఆవిడకి అంత నమ్మకం!

మాధురి గారు లోపలిగదిలో ఎదురు కుర్చీలో కూర్చుని నేరుగా పనిలోకి దిగిపోయారు.

"కెమిస్ట్రీ అని వేసేరు కదండీ. క్లోరేట్‌కి ఒక ఆక్సిజన్ తగ్గితే?"

"క్లోరైటండీ!" ఛాతీ ఉబ్బింది.

"ఆయ్. ఇంకొకటి కూడా తగ్గితే?"

దుర్గారావు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. అన్నయ్య అయిపోయాడు, తమ్ముడూ అయిపోయాడు. మూడోవాడి సంగతి చిన్ని చెప్పిందో, చెబుతుంటే తను కునికాడో గుర్తులేదు. జేబు తడుముకున్నాడు. చిట్టీ కూడా లేదు.

"వాడు తమ్ముడికి తమ్ముడండీ," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "బుడ్డోడండీ. ఇంకా బారసాల అవ్వలేదండీ."

పరువు గోదాట్లో కలిసిపోయింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు.

మాధురి గారు పకపకా నవ్వారు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"అయ్యిందండీ బారసాల. హైపోక్లోరైట్ అని పెట్టేరు. ఇప్పటిదాకా వచ్చినోళ్ళంతా అన్నీ తెలిసినట్టు కోతలు కోసేరండీ. నవ్వించింది మీరొక్కరే."

ఆ నవ్వుతోనే ముందుగదిలోకి తొంగిచూసి, "నాన్నగారూ, నాకీయన నచ్చేరండీ, ముహూర్తం పెట్టించెయ్యండి," అన్నారు.