ఎర్రవి ఈ పళ్ళెంలో

"ఎర్రవి ఏ పళ్ళెంలో వెయ్యమన్నాను?"

పండు చెయ్యి గాలిలో ఆగిపోయింది. వేళ్ళ మధ్య పిప్పరమెంటు బిళ్ళ. వాడు బిళ్ళను చూడటం మానేసి తండ్రి మొహంలోకి చూశాడు. ఆ చూపే వెంకట్రాజుకు ఒళ్ళు మండిస్తోంది.

"నా మొహం మీద ఏం రాసుందిరా? బిళ్ళను చూడు."

ఇదంతా అంగన్‌వాడీ నిస్సీ టీచరు చెప్పిన ఉపాయం. క్రిస్మస్‌కి పిల్లలకు పంచగా మిగిలిన ఎరుపు, ఆకుపచ్చ బిళ్ళలు సీసాడు తెచ్చి ఇచ్చింది.

"పలక పట్టిస్తే ఏడుస్తాడండీ. వీటిని రంగుల వారీగా వేరు చేయించండి, లెక్కపెట్టించండి. సరిగ్గా చెప్పినప్పుడల్లా ఒకటి నోట్లో పెట్టండి. ఆడుతూ పాడుతూ నేర్చేసుకుంటాడు."

వినడానికి బాగానే ఉంది. జనవరి మొదటి వారంలో తాడేపల్లిగూడెంలో ఎల్‌కేజీ ఇంటర్వ్యూ. తమ ఊరు ఉంగుటూరులో ఆ స్కూలు బస్సు ఆగినప్పుడల్లా, తాను పదో తరగతితో చదువు ఆపేసిన సంగతి గుర్తొచ్చి వెంకట్రాజు మనసు చివుక్కుమంటుంది. వీడైనా ఆ బస్సు ఎక్కాలి. భార్య ఇందుమతి ఉంటే ఈ తంటాలన్నీ తనే పడేది. ఆవిడ పురిటికి మండవల్లి వెళ్ళింది.

లెక్కల్లో పండు గట్టివాడే. ఇరవై దాకా గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. రంగుల దగ్గరే వచ్చింది తెగులు. మొదటిరోజు చకచకా రెండు పళ్ళాలూ నింపేసి, బిళ్ళ కోసం నోరు తెరిచాడు. సగం తప్పులే. వెంకట్రాజు అన్నీ కలిపేసి, మళ్ళీ తానే వేరు చేసి చూపించాడు. మర్నాడు మళ్ళీ అదే తంతు.

ఆ బిళ్ళలు చేసినవాణ్ణీ అనాలి. నాసిరకం రంగులు. తనే ఒక్కోదాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూసుకోవాల్సి వస్తోంది. ఈ రోజుల్లో ఏ సరుకూ సరిగ్గా ఏడవదు. మొన్న సంతలోనూ అంతే, పండిన టమాటాలని ఎంచి తెచ్చుకుంటే ఇంటికొచ్చేసరికి సగం కాయలే. చేను కోతకొచ్చిందీ లేనిదీ గట్టు మీద నుంచి చూసి తేల్చేవాళ్ళను అతను నమ్మడు. దిగి, గింజ కొరికి చూస్తేగానీ కొడవలి పెట్టనివ్వడు. అంత జాగ్రత్త మనిషికి ఇలాంటి పరాకు కొడుకు.

"పోనిద్దూ. ఏదైనా తీపే కదరా," అంది తల్లి వెంకటనరసమ్మ. కంటి ఆపరేషనై నల్లద్దాలు పెట్టుకుని మంచం మీద ఉంది.

"నువ్వుండమ్మా. సీటు రాకపోతే నువ్వు చెబుతావా చదువు?"

నాలుగోరోజు చెయ్యి కూడా చేసుకున్నాడు. పండు ఏడవలేదు. ఆ తర్వాత సరిగ్గా చెప్పినందుకు బిళ్ళ ఇస్తే మాత్రం, "వద్దు నాన్నా," అన్నాడు. మిఠాయి వద్దనే పిల్లాణ్ణి వెంకట్రాజు అప్పుడే చూశాడు. తన మీద తనకే విసుగొచ్చింది. ఆ విసుగు కూడా వాడి మీదే చూపించాడు.

దెబ్బ పనిచేసిందో ఏమో, ఇంటర్వ్యూ ముందురోజుకు పండు దారికొచ్చాడు. ఒక్కో బిళ్ళనూ వెలుగులోకి ఎత్తి, తండ్రి మొహం చూసి, నిదానంగా పళ్ళెంలో వేశాడు. ఒకటీ అరా తప్పితే అన్నీ సరిపోయాయి. వెంకట్రాజు ఊపిరి పీల్చుకున్నాడు.

స్కూల్లో తండ్రిని లోపలికి రానివ్వలేదు. తలుపు సందులోంచి చూస్తే బల్ల మీద రంగురంగుల పూసలు, వాటి ముందు పండు. నోరు విప్పకుండా తలుపు వైపే చూస్తున్నాడు. అయిపోయింది, ఇన్నాళ్ళ పాట్లూ బూడిదలో పోసినట్టే అనుకున్నాడు వెంకట్రాజు. మళ్ళీ అటు చూడబుద్ధి కాక వరండాలో అటూ ఇటూ తిరిగాడు.

కాసేపటికి మేడమ్ పండు చెయ్యి పట్టుకుని బయటకు వచ్చింది. వాడి బుగ్గలో ఏదో చాక్లెట్ ఉంది.

"సీటు ఇస్తున్నామండీ," అంది.

"రంగులు తప్పు చెప్పాడాండీ?" భయపడుతూనే అడిగాడు వెంకట్రాజు.

"ఒక్కటీ తప్పలేదండీ, కాకపోతే మొదలుపెట్టే ముందు, తనకు కనిపించినట్టు చెప్పాలా, నాన్నకు కనిపించినట్టు చెప్పాలా అని అడిగాడు."