తెల్లకణాలు పెరిగిన రోజు

రేడియో బాబాయి అరచేతిలోకి దగ్గాడు. ఆ చేతిని కర్టెనుకు తుడిచాడు. అదే చేత్తో అన్న కూతురి తల నిమిరాడు.

"మా పిల్ల గండం గట్టెక్కింది!" అన్నాడు. నోరు ఆగదు గనక చుట్టాలు ఆయనకు రేడియో అని పేరు పెట్టారు.

ఆమె భర్త మోటార్ల మెకానిక్. తడిగుడ్డ తెచ్చి కర్టెను తుడిచాడు. భార్య తల కూడా తుడవబోయాడు. ఆమె పకపకా నవ్వి తప్పించుకుంది.

ఆమె అలా నవ్వి చాలాకాలమైంది. క్యాన్సర్ మందులు ఆపి పదకొండు నెలలైనా ఒంట్లో తెల్లకణాలు పెరగలేదు. నాలుగు వేలు దాటేదాకా జనంలోకి పోవద్దని, చిన్న జ్వరమొచ్చినా ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పాడు. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి. కిటికీ ఊచలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. పోయిన నెల పందొమ్మిది వందలు. నిన్నటి రిపోర్టులో ఏడు వేల నాలుగు వందలు.

దాంతో చుట్టాలంతా దిగారు.

వదినగారి చంటాడికి ముక్కు పెదవి దాకా కారుతోంది. వాడు చెంచా నాకి కేకులో గుచ్చాడు. వదిన అదే చెంచాతో ముక్క తీసి చెల్లెలి నోటి దగ్గర పెట్టింది. వాష్‌బేసిన్‌లో ఎవరో కళ్లె ఉమ్మి, నీళ్లు వదలకుండా పోయారు.

"వదినా, ఆ చెంచా అవతల పారెయ్!"

"ఏం మరిదిగారూ, మా వాడంటే అంత రోతా?"

"ముందు వాడి ముక్కు తుడువు."

"పొద్దంతా గ్రీజులో పొర్లే అల్లుడికి ఎక్కడలేని శుభ్రం వచ్చింది!" అన్నాడు రేడియో బాబాయి. ఇల్లంతా నవ్వింది. చంటాడు తుమ్మాడు.

"డాక్టరే సరేనంటే మధ్యలో మీ గోలేంటండీ?" అంది భార్య కేకు నములుతూ. "సోమవారం బడికి పోతున్నా. హెడ్‌మిస్ట్రెస్‌కి ఫోన్ చేసి చెప్పేశా."

నలభైమంది పిల్లలు. నలభై ముక్కులు. అతను ఆమెకు దగ్గరగా జరిగాడు.

"ఇంకొక్కసారి పరీక్ష చేయించుకుని వెళ్దువుగానీ."

"మళ్లీ పొడిపించుకోనా? ఇటు చూడండి." ఆమె చేతులు చాపింది. మోచేతి మడతలు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. "నేను బాగుపడటం మీకిష్టం లేదా?"

 

చెప్పుకి అంటిన పేడను చూసినట్టు అతన్ని చూశారందరూ.

అతను పెరట్లోకి పోయి కుళాయి తిప్పాడు. మోచేతుల దాకా సబ్బు రుద్దాడు. కడిగాడు. మళ్లీ రుద్దాడు. తన చేతులంటే తనకే అసహ్యం వేసింది. లోపల ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు మీదుగా ఆమె నవ్వు వినిపిస్తోంది.

మొన్న పొద్దున పరీక్ష కోసం ఇంటికొచ్చిన నర్సు నాలుగుచోట్ల పొడిచినా భార్యకు నరం దొరక్కపోతే, వచ్చిన చుక్కే చాల్లెమ్మని ఆమెను నమ్మించి, వెళ్లిపోతున్న నర్సును గేటు దగ్గర ఆపి బతిమాలి, అతను పరీక్ష సీసా నింపించింది తన నెత్తురుతోనే.