బొటనవేలంత సందు

"యంత్రం డిజైనంతా నాదే సార్. మా అన్న కూతురు పక్కన కూర్చుని మౌస్ తిప్పిందంతే," అన్నాడు బాబాయి మేనేజరుతో నవ్వుతూ.

మూడు నెలలు నడుం పడిపోయేలా కూర్చుని, కంప్యూటర్‌లో ఒక్కో ముక్కనీ దాని చోట బిగించింది ఆమె. పని నేర్పినవాడు కదా, పోనీలే అనుకుంది.

మేనేజరు తెర మీద యంత్రం మూతను కిందికి లాగాడు. ఎంత లాగినా అది అంచుకి కాస్త పైనే ఆగిపోతోంది.

"ఇంతకన్నా దిగకుండా హద్దు పెట్టారేం? ఇరవై రెండు మిల్లీమీటర్ల సందెందుకు?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "చూడ్డానికి బాగుంటుందని సార్. వద్దంటే ఇప్పుడే తీసేస్తా."

డిజైను తనదన్నప్పుడు రాని కోపం ఆమెకి ఇప్పుడొచ్చింది. మరిచేపోయాడు!

"తియ్యొద్దు బాబాయ్. అది నాన్న బొటనవేలి లావు. మిగిలిన చేతిది కొలిచి పెట్టాను."

"మిగిలిన చేతిదా?" అన్నాడు మేనేజరు.

"రెండోది ఇలాంటి మూత కిందే నలిగిపోయింది సార్. తప్పు తనదేనని నాన్న ఇప్పటికీ అందరికీ చెప్తాడు."

ఆ రోజు ఆ మూత వేసిన బాబాయి చెయ్యి, బల్ల మీంచి మెల్లగా ఒళ్లోకి జారింది.