లెక్కలేనన్ని లుంగీలు

ఈపురుపాలెంలో నలభై నేత ఇళ్ళకు ఇక నూలు ఇచ్చేది లేదని వెంకట్రామయ్య తమ్ముడికి తేల్చి చెప్పిన మర్నాడు సింగపూరు నుంచి ఉత్తరం వచ్చింది.

తెనాలిలో అన్నదమ్ములిద్దరిదీ ఒకే బట్టల కొట్టు. నూలు ఇచ్చి లుంగీలు నేయించడం తమ్ముడు పాండురంగారావు పని. నూలు గది తాళంచెవి మాత్రం అన్న దగ్గరే ఉంటుంది. టెర్లిన్ మిల్లు బట్ట వచ్చాక నేత బట్ట అడిగేవాడు తగ్గిపోయాడు. రేపల్లె షావుకారు రెండు బేళ్ళు విప్పకుండానే తిప్పి పంపాడు.

నూలు ఆపితే నేతవాళ్ళు షోలాపూరు మిల్లులకు పోతారని తమ్ముడు బతిమాలాడు. మగ్గం గుంట ఒకసారి పూడిస్తే మళ్ళీ తవ్వరన్నాడు. జాలితో కొట్టు నడవదన్నాడు అన్న.

అలాంటప్పుడు వచ్చింది ఉత్తరం. తమ్ముడే చదివి వినిపించాడు. మీ లుంగీలు బాగున్నాయి, మాకు 'ఊడిల్స్' కావాలి, నేయించి ఉంచండి అని దాని సారాంశం.

"ఊడిల్స్ అంటే ఎన్నిరా?"

"చాలా అన్నయ్యా."

"చాలా అనేది అంకె కాదు. కవరేది?"

స్టాంపు కోసం పిల్లలు చించుకుపోయారన్నాడు తమ్ముడు.

వెంకట్రామయ్యకు ఇంగ్లీషు రాదు. నేతవాళ్ళతో మాట్లాడటానికి ఈపురుపాలెం పోతూ బాపట్లలో దిగి ఇస్సాకు మాస్టారికి చూపిద్దామన్నాడు. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి ఆయన. ఆలస్యమవుతుంది, నేరుగా పోదామని తమ్ముడు రెండుసార్లు అన్నాడు. అన్న వినలేదు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని ఉత్తరం నిదానంగా చదివారు.

"కుప్పలు తెప్పలు అని అర్థమండి. లెక్కలేనన్ని."

"లెక్కలేనన్ని అంటే ఎన్ని మాస్టారూ? వందా, వెయ్యా?"

"అదే చెప్పదండి ఈ మాట. స్నేహితులు సరదాగా వాడుకునేది. వ్యాపారం ఉత్తరంలో మాత్రం నేనెప్పుడూ చూడలేదు."

పాండురంగారావు నుదురు తుడుచుకున్నాడు. వెంకట్రామయ్య ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సరుకు కావలసినవాడు అంకె వేస్తాడు. అంకె వెయ్యనివాడికి సరుకు అక్కర్లేదు. కొట్లో కూర్చున్న ఇన్నేళ్ళలో అంకె లేని బేరాన్ని ఆయన ఎప్పుడూ నమ్మలేదు.

ఇద్దరూ స్టేషనుకు వచ్చారు. చీరాల వైపు బండి ఎక్కి ఎదురెదురుగా కూర్చున్నారు. నలభై ఇళ్ళవాళ్ళకీ ఏం చెప్పాలో పాండురంగారావుకు తోచలేదు. బండి కదిలాక అన్న నూలు గది తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

"మూడు నెలలు ఇయ్యి. తర్వాత చూద్దాం."

తమ్ముడు తాళంచెవి బొడ్లో దోపుకున్నాడు.

వెంకట్రామయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఈసారి ఉత్తరం రాసేటప్పుడు మాత్రం అంకె వెయ్యరా" అన్నాడు.