సైరన్ మోగని శుక్రవారాలు

"సైరన్ మోగలేదని అంత గట్టిగా ఎలా చెబుతున్నారు? ఆ టైముకి నిద్రలో ఉన్నానని మీరే అంటున్నారు కదా," అన్నాడు విచారణాధికారి.

"అది మా డాబా మీదే ఉందండీ. సరిగ్గా నేను పడుకునే గది నెత్తిన. అది మోగితే శవం కూడా లేచి కూర్చుంటుంది," అన్నాడు బేకరీ మాస్టరు.

స్కూలు హాల్లో ఎవరూ నవ్వలేదు. వచ్చినవాళ్లలో సగం మంది ఇళ్లలో ఇంకా వరద బురద ఉంది. మిగతా సగం ఇళ్లలో మనుషులు తగ్గారు.

మాస్టరు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. రుమాలు మూల నీలం దారంతో కుట్టిన చిన్న పువ్వు ఉంది. వాళ్ల బిల్డింగులో అందరూ డాబా మీద ఒకే తాడుకి బట్టలు ఆరేస్తారు. కలిసిపోకుండా అతని భార్య తమ ఇంటి ప్రతి గుడ్డ మీదా ఆ పువ్వు కుట్టేది. వరదొచ్చిన మధ్యాహ్నం ఆమె దారం ఉండ కొనుక్కోవడానికే పల్లపు వీధికి వెళ్లింది. అతను పై అంతస్తులో పడుకుని ఉన్నాడు. రాత్రంతా పొయ్యి దగ్గర నిలబడేవాడికి పగలే కదా నిద్ర. అతను లేచేసరికి పల్లపు వీధి లేదు.

మేయరు లేచాడు. "వరద కబురు అందగానే నేను సైరన్ మీట నొక్కాను. మీట పక్కన ఎర్రలైటు కూడా వెలిగింది. మోగలేదంటే తప్పు సరుకుది. ఆ నాసిరకం సరుకు పంపింది రాజధానివాళ్లు."

"సరుకు భేషైనది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మోగించి చూడమన్నాం. మీరు చూసి ఉంటేగా," అన్నాడు రాజధాని నుంచి దిగిన మంత్రి. ఆయన బూట్లు తళతళలాడుతున్నాయి.

పొద్దున్నుంచీ ఇద్దరూ తప్పుని కాలుతున్న గిన్నెలా ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి విసురుకుంటున్నారు. ఊళ్లో ఇంకా కరెంటు రాలేదు కాబట్టి మోగించి చూసే దారి లేదు. అధికారులు వీధిలో నిలబడి, తలెత్తి, సైరన్ ఉందని రాసుకుని వెళ్లిపోయారు. అన్ని మెట్లు ఎక్కే ఓపిక ఎవరికుంది?

"శుక్రవారాలు మోగేదా, లేదా? అది చెప్పండి," అన్నాడు విచారణాధికారి.

మాస్టరు మేయరు వైపు తిరిగాడు. భార్య పోయాక అతను తిండి తింటున్నది ఈ మాట చెప్పడానికే.

"మొన్న చలికాలం వరకూ మోగేదండీ. నాకు కాస్త కునుకు పట్టే వేళకే. వారం వారం లేచి కూర్చుని శాపనార్థాలు పెట్టేవాణ్ణి. తర్వాత మోగడం మానేసింది. ఈ మేయరు జన్మలో ఒక్క మంచి పని చేశాడని మా ఆవిడతో అన్నాను. ఆవిడ నవ్వి, కొత్త దిండు తలకింద పెట్టి హాయిగా పడుకోమంది." అతను మేయరు వైపు వేలు చూపించాడు. "అది మంచి పని కాదండీ. ఈయనగారి బద్ధకం. నెలల తరబడి ఆ మీట ముట్టుకోలేదు."

"అవును, చలికాలం నుంచీ మోగలేదు," అన్నారు వెనక నుంచి ఇద్దరు ముగ్గురు. "పీడ వదిలిందనుకున్నాం."

"ప్రతి వారం నొక్కాను," అన్నాడు మేయరు. "మా ఆఫీసు ఊరికి అటు చివర. అక్కడికి వినపడదు. లైటు వెలిగితే మోగినట్టే అనుకున్నాను."

"లైటు చూసి మురిసిపోయావా?" అని ఎవరో చెప్పు విసిరారు. ఆ తర్వాత మేయరు మాట ఎవరూ వినలేదు.

సాయంత్రానికి మంత్రి మాస్టరు చెయ్యి పట్టుకుని ఊపి, కారెక్కి వెళ్లిపోయాడు. మేయర్ని పోలీసు జీపు దగ్గరికి తీసుకొచ్చారు. జనం దోసిళ్లతో బురద ఎత్తి కొడుతున్నారు. అతను మాస్టరు ముందు ఆగాడు.

"నేను నొక్కాను తమ్ముడూ. నా పిల్లల మీద ఒట్టు."

"నాకు ఒట్టేసుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు," అని మాస్టరు అతని మొహాన ఉమ్మేశాడు. ఇన్నాళ్లలో మొదటిసారి అతనికి గుండె తేలికపడింది.

అయినా చాలలేదు. పక్కనే ఉన్న బావమరిదితో అన్నాడు. "పానా తెచ్చావా? ఆ సైరన్ విప్పి వాడి గుమ్మానికి వేలాడదీద్దాం. ఇంట్లోంచి బయటికొచ్చినప్పుడల్లా వాడి పెళ్లాం పిల్లలు దాన్ని చూడాలి."

"తెచ్చాను బావా. అక్కని తిన్నవాణ్ణి ఊరికే వదులుతామా?"

ఇద్దరూ డాబా ఎక్కారు. బట్టల తాడు ఒక చివర సైరన్ స్తంభానికే కట్టి ఉంది. ఆమె బట్టలు ఆరేయడానికి ఎక్కే స్టూలు అక్కడే, వానకి ఉబ్బి, పడి ఉంది. బావమరిది దాన్ని నిలబెట్టి ఎక్కాడు. సైరన్ గొట్టం అతని మొహానికి ఎదురుగా వచ్చింది.

"బావా, దీని మూతిలో ఏదో కూరి ఉంది."

"పిట్టగూడేమో. చూశావా, వాడెంత బాగా చూసుకున్నాడో. లాగెయ్."

బావమరిది రెండు చేతులతో పట్టి లాగాడు. గట్టిగా దిగబడి ఉంది, ఓ పట్టాన రాలేదు. చివరికి ఊడొచ్చింది. వానకి తడిసి, ఎండి, నల్లబడ్డ పాత దిండు. అతను దాన్ని తిరగేసి చూశాడు. స్టూలు దిగి, మాస్టరు చేతుల్లో పెట్టాడు.

దాని మూల నీలం పువ్వు ఉంది.